ముందు చక్రాల నట్టు ఎటు తిరగాలి

ఉప్పల్ రింగ్ రోడ్డు మీద నా కారు ముందు చక్రం ఊడి, మెట్రో స్తంభం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, నాకంటే ముందే మా ఫోర్‌మన్ ఇంటి గుమ్మం చేరిందని చాలామందికి చెప్పాను. ఘట్‌కేసర్ కాలేజీల్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఆదివారాలు నాచారంలో నా రేకుల షెడ్డుకు వస్తుంటారు. కారు చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకుంటారు. వాళ్లకూ అదే చెప్పాను. ఒకమ్మాయి మాత్రం, "ఏ చక్రం ఊడింది అంకుల్, కుడిదా, ఎడమదా?" అని అడిగింది. ఎప్పుడూ ఆలోచించుకోని ప్రశ్న. తడుముకుని "రెండూ" అన్నాను. అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వకుండా చక్రం పక్కన కూర్చుని నట్టు మీద అరిగిపోయిన బాణం గుర్తును వేలితో తడుముతూ ఉండిపోయింది.

ఆమె లాంటి వాళ్ల కోసం అసలు సంగతి రాస్తున్నాను. చక్రం ఊడలేదు. ఒక సుద్ద గీత గోరెడంత పక్కకు జరిగింది, అంతే. కానీ నా ఉద్యోగ జీవితంలో ఇంకే రోజునా నాకు అంత చెమట పట్టలేదు. ఈసారి చెప్పేది నిజం.

నేను నాచారంలో ఒక చిన్న ఇంజనీరింగ్ కంపెనీలో టర్నర్‌ను. ప్రెస్సు మిషన్లకు అచ్చులు చేసే టూల్ రూములో, ఒకే లేత్ ముందు నిలబడి తల నెరిపించుకున్నాను. అలాంటి వాడికి ఇంగ్లండు స్పోర్ట్సు కారు ఎక్కడిదని అడుగుతారు. నా పనితనానికి మురిసిపోయి ఒక నవాబు బహుమతిగా ఇచ్చాడని కొన్నాళ్లు చెప్పుకున్నాను. నాకు ఏ నవాబూ తెలియదు. మల్లాపూర్‌లో మూతపడిన ఒక బల్బుల కార్ఖానా నుంచి పాత ప్రెస్సు ఒకటి విప్పి తీసుకురమ్మని మా కంపెనీ నన్ను పంపింది. ఆ ప్రెస్సు వెనక, చిరిగిన టార్పాలిన్ కింద ఈ కారు ఉంది. డ్రైవరు సీట్లో ఒక కోడి గుడ్లు పొదుగుతోంది. నేను దాని దగ్గర్నుంచి కదలకపోవడం చూసి కార్ఖానా యజమాని కొడుకు, "కావాల్నా? కాయితాలు గూడ ఉన్నయి. కోడి లేచినంక తీస్కపో, జాగ ఖాళీ అయితది" అన్నాడు. కోడి పిల్లల్ని లేపేదాకా ఆగి తెచ్చుకున్నాను.

రెండే సీట్లు. పైకప్పు లేదు. ఎంత కిందికి ఉంటుందంటే, సిగ్నల్ దగ్గర ఆగితే పక్క ఆటోలో కూర్చున్న వాళ్ల చెప్పులు నా చెవి పక్కన ఉంటాయి. సైకిలుకు ఉన్నట్టు పుల్లల చక్రాలు. మన కార్లకు చక్రానికి నాలుగైదు బోల్టులు ఉంటాయి కదా, దీనికి చక్రం నడుమ పిడికిలంత పెద్ద నట్టు ఒక్కటే. దానికి చెరోవైపు చెవి. పానా పెట్టే పని లేదు, రాగి సుత్తితో చెవి మీద కొడితే బిగుస్తుంది, అటునుంచి కొడితే విప్పుకుంటుంది. నేను దాన్ని చూసి మనసు పారేసుకున్నది ఆ నట్టు వల్లే.

మిగతా అన్నింటి వల్లా మనశ్శాంతి పారేసుకున్నాను. దాని బోల్టులన్నీ అంగుళాల లెక్క. మా పానాల్లో ఒకటి వదులు, ఇంకొకటి పట్టదు. పాడైన ప్రతి బుష్షూ లేత్ మీద మళ్లీ పుట్టించుకోవాల్సిందే. రోడ్డు మీద అది వందకు తగ్గకుండా పరుగెత్తుతుందని నేను చెప్పినట్టు ఎవరైనా అంటే నమ్మకండి. తార్నాక ఎత్తు ఎక్కేచోట సిటీ బస్సు కూడా దాన్ని దాటిపోతుంది. మా ఆవిడ ఇప్పటికీ అంటుంది, "ఇంట్ల కారుండంగ పెండ్లిండ్లకు ఆటోల పోయేటోళ్లం ఈ గల్లీల మనమొక్కలమే."

ఆ కారును బతికించింది నేనొక్కణ్నే అని చెప్పుకునే అలవాటు నాకుంది. అది మా ఫోర్‌మన్ బతికించిన కారు.

ఆయన ఉప్పల్ పాత ఊరి మనిషి. వాళ్ల నాన్న వరి పండించిన భూముల మీదే తర్వాత షెడ్లు లేచాయి. "మా నాయన వడ్లు కోసిన జాగల నేను ఇనుము కోస్తున్న" అని నవ్వేవాడు. నాకంటే కొన్నేళ్లు పెద్ద. నేను అన్న అనేవాణ్ని, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. ఆదివారం పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని నా షెడ్డుకు వచ్చేసేవాడు. ఆయన వెంట మా టూల్ రూములో గ్రైండింగ్ మిషన్ నడిపే మిత్రుడు ఒకడు వచ్చేవాడు. ఇతను పనికి తక్కువ, మాటకు ఎక్కువ. కారుకు రంగు వేసేటప్పుడు కంపెనీలో లేత్‌లకు వేయగా మిగిలిన ఆకుపచ్చ పెయింటే వేశాం. అప్పట్నుంచి అతను దాన్ని కారు అనలేదు. "బావా, నీ పచ్చ తొట్టి ఎట్లున్నది?" అనేవాడు.

ఫోర్‌మన్‌కు చెవి వెనక ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. బిగించిన ప్రతి నట్టు మీదా, అది కూర్చున్న చోటు మీదా కలిపి ఒక గీత గీయాలి. తర్వాత ఎప్పుడైనా గీత విరిగి కనిపిస్తే నట్టు కదిలిందని తెలుస్తుంది. "గీత గియ్యని నట్టు బిగించినట్టు గాదు" అనేవాడు. మా టూల్ రూములో ఇది వేదం. మా మిత్రుడు మూతపెట్టిన నీళ్ల సీసా మీద కూడా గీత గీసి ఆయనకు చూపించేవాడు. ఆయన కోప్పడకుండా సీసా అందుకుని మూత తిప్పి చూసి, "వదులున్నది" అనేవాడు.

ఇక ఆ ఆదివారం. ముందు చక్రాల బేరింగులు మార్చాలని కారును జాకీల మీద లేపాం. నేను సుత్తి తీసుకుని కుడివైపు నట్టు విప్పబోతుంటే ఫోర్‌మన్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు తమ్మీ. ఈ బాణం ఎటు సూపెడుతుంది?"

"ఇప్పేటందుకు ఎటు కొట్టాల్నో గటు."

"గటు అంటే బండి ముందలికి పోయే దిక్కే గద. ఎడమ దిక్కుది సూడు."

చూశాం. అదీ అంతే. కారు ముందుకు పోతుంటే చక్రం ఎటు తిరుగుతుందో, రెండు నట్లూ అటే విప్పుకునేలా ఉన్నాయి. అక్షరాలన్నీ సుత్తి దెబ్బలకు అరిగిపోయి బాణాలు మాత్రమే మిగిలాయి.

ఆయన అటు ఒకసారి, ఇటు ఒకసారి పోయి చూశాడు. తర్వాత, "ఎవడో ఉల్టా పెట్టిండు" అన్నాడు.

ఆయన అలా అనడానికి కారణం ఉంది. మీకది తెలియాలి. ఆయన వయసులో ఉన్నప్పుడు ఒక పాత లేత్ మీద పనిచేశాడు. చువ్వను పట్టుకునే చక్కు దానికి సీసా మూతలా మరల మీద బిగించి ఉండేది. ఒకరోజు గిర్రున తిరుగుతున్న లేత్‌ను ఎవరో టక్కున ఆపారు. లోపలి ఇరుసు ఆగింది, చక్కు ఆగలేదు. తన ఊపుకు తానే మరలు విప్పుకుని కిందపడి, మనుషుల మధ్య నుంచి దొర్లుకుంటూ క్యాంటీన్ గుమ్మం దాకా పోయింది. ఎవరికీ తగల్లేదు. కానీ అప్పట్నుంచి ఆయన ఏ మిషన్ చూసినా అది నడిచేటప్పుడు ఏమవుతుందని కాదు, ఆగేటప్పుడు ఏమవుతుందని ఆలోచించేవాడు.

"ఎనక చక్రాలకు ఇంజను జోరు ఉంటది, గది ఏరే లెక్క" అన్నాడు. "ముందటి చక్రానికి ఏముంటది? బ్రేకు ఒక్కటే. బ్రేకు కొడితే చక్రం తొడిగే లోపలి హబ్బు ఆగుతది. నట్టు ఆగదు, ముందలికే పోతనంటది. ముందలికి పోతే ఇప్పుకుంటది. మరలు హబ్బుల మీదనే ఉన్నయి. ముందటి హబ్బులు రెండు ఇటుయి అటు మార్చాలె, నట్లు గూడ."

"నేను గూడ అదే అనబోయిన" అన్నాన్నేను.

నిజానికి నేనేమీ అనబోలేదు. రాగి సుత్తితో కొట్టే సరదాలో ఉన్నాను. కానీ ఆయన చెప్పాక ఎంత సరిగ్గా అనిపించిందంటే, ఆ ఇంగ్లండు వాళ్లు ఇన్నేళ్లు ఎలా బతికి బట్టకట్టారా అనుకున్నాను. మేం మరల మనుషులం. మరలో తప్పు మా కంటికి దొరికితే దిద్దకుండా ఉండలేం. సాయంత్రానికల్లా హబ్బులు అటూ ఇటూ మార్చి, బాణాలు వెనక్కి చూసేలా నట్లు బిగించేశాం. వెనక చక్రాలు ముట్టుకోలేదు. ఆయనే నాలుగు నట్ల మీదా గీతలు గీశాడు.

ఆయన రిటైర్మెంట్ దగ్గరకొచ్చిన రోజులవి. మా నాచారం వైపు ఫ్యాక్టరీల్లో రిటైరయ్యే మనిషిని ఊరికే పంపరు. షిఫ్టు అయ్యాక మెడలో దండ, భుజం మీద శాలువా వేసి, టాపు లేని జీపులో నిలబెట్టి, ముందు బ్యాండు మేళంతో ఇంటిదాకా దింపుతారు. ఇంటి ముందు భార్య హారతి పళ్లెంతో నిలబడుతుంది. మా టూల్ రూము వాళ్లు జీపు మాట్లాడబోతే ఫోర్‌మన్ వద్దన్నాడు. "అందరు జీపుల పోయిండ్రు. నేను తమ్మి కార్ల పోత. ఏడాది సంది దాని కింద పండుకున్న, ఒక్కసారన్న మీద కూసోవద్దా?"

అలా ఆ బాధ్యత నా మీద పడింది.

ముందు రోజు సాయంత్రం కారును మల్లాపూర్ దాకా తిప్పుకొచ్చాను. షెడ్డులో పెట్టి, అలవాటు కొద్దీ గీతలు చూశాను. ముందు కుడి నట్టు మీద గీత విరిగి ఉంది. ఒక చుట్టు తిరిగిందని ఆ మధ్య ఎవరితోనో అన్నాను. గోరెడంతే. ఎడమది కూడా అంతే. వెనక రెండూ గీసినవి గీసినట్టే ఉన్నాయి.

రంగు వల్ల అనుకున్నాను. చక్రాలకు పచ్చ పెయింటు పూసినప్పుడు నట్టు కూర్చునే అంచుకు కూడా పూశాం. ఆ రంగు నలిగి సందు వచ్చి ఉంటుంది. రెండు చక్రాలూ విప్పి రంగు గీకేసి, శుభ్రంగా తుడిచి, బలంగా కొట్టి బిగించి కొత్త గీతలు గీశాను. పొద్దున కంపెనీకి కారులోనే వెళ్లాను. గేటు లోపల ఆపి వంగి చూస్తే మళ్లీ విరిగి ఉన్నాయి. ముందువి మాత్రమే. రెండూ. వదులయ్యే వైపుకే.

అప్పుడు భయం కంటే ఆశ్చర్యం ఎక్కువ కలిగింది. దారిలో నేను బ్రేకు కొట్టిందే తక్కువ. ఫోర్‌మన్ లెక్క ప్రకారం నట్టు ముందుకు పోవాలి. ఇది వెనక్కి పోతోంది. దాన్ని వెనక్కి నెడుతున్నది ఎవరు?

మధ్యాహ్నం భోజనాల వేళ మా మిత్రుణ్ని కారులో ఎక్కించుకుని మళ్లీ మల్లాపూర్ వైపు వెళ్లాను. ఈసారి ఒక్కసారి కూడా బ్రేకు కొట్టకూడదనుకున్నాను. నాచారం రోడ్డు మీద భోజనాల వేళ బ్రేకు కొట్టకుండా పోవడం ఎట్లుంటుందో మీ ఊహకు వదిలేస్తున్నాను. ఒక కూరగాయల బండి వాడు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. చాయ్ హోటల్ ముందు ఆపి ఇద్దరం వంగి చూశాం. గీత విరిగింది.

"బావా, నీ తొట్టికి గాలి సోకింది" అన్నాడు మా మిత్రుడు. "ఫోర్‌మన్ సాబ్‌కు చెప్తవా?"

"ఏమని చెప్పాలె? నీ ఆఖరి దినం నాడు నీ మాట తప్పయిందనాల్నా?"

"చెప్పకుంటే ఆయనను ఆ చక్రాల మీద కూసోబెట్టి తోల్కపోతవా?"

చాయ్ వచ్చింది. అతను చాయ్ తాగుతూ, అలవాటుగా మోటార్ సైకిల్ తాళంచెవి రింగును చూపుడు వేలికి తగిలించి గిరగిర తిప్పుతున్నాడు. నేను దాన్నే చూస్తూ ఉన్నాను. వేలు తనంతట తాను తిరగడం లేదు. చిన్న సున్నా చుడుతోంది, అంతే. వేలు ఎటు చుడుతుంటే రింగు అటే తిరుగుతోంది.

"ఇంకోసారి తిప్పు" అన్నాను.

"ఏందిది?"

"తిప్పు బావా. జర మెల్లగ."

చాలాసేపు తిప్పించాను. హోటల్ వాడు మా వైపు అనుమానంగా చూశాడు. ఒక్కసారిగా నాకు నట్టు కనపడింది. ఆ నట్టు లోపలి అంచు గరాటులా ఉంటుంది. చక్రం నడిమి మొన దాంట్లోకి దూరి కూర్చుంటుంది. అంటే నట్టు రింగు, చక్రం వేలు. ఎంత బిగించినా మధ్యలో వెంట్రుకంత సందు ఉంటుంది. బండి బరువు వల్ల చక్రం ఆ సందులో ఎప్పుడూ ఒక పక్కకే ఒత్తుకుని ఉంటుంది. బండి ముందుకు పోయేటప్పుడు టైరు మీద రోడ్డు తాకే చోటు టైరు చుట్టూ వెనక్కి వెనక్కి జరుగుతూ పోతుంది కదా, ఈ ఒత్తుకునే చోటు కూడా అలాగే వెనక్కి జరుగుతూ పోతుంది. నట్టు దాని వెంట పాకుతుంది. వెనక్కి.

కాబట్టి నట్టు వెనక్కి పాకేకొద్దీ బిగుసుకోవాలంటే, విప్పే బాణం ముందుకే చూడాలి. ఇంగ్లండు వాళ్లు పెట్టింది అదే. మేం దాన్ని దిద్దాం.

పిల్లలూ, నాకు ఆ చాయ్ హోటల్లో కలిగిన ఆనందం నేను వర్ణించలేను. ఒక నిమిషం పాటు ఫోర్‌మన్ గుర్తు లేడు, ఊరేగింపు గుర్తు లేదు. మా మిత్రుడు మళ్లీ, "మరి చెప్తవా?" అనేదాకా నేను ఆ రింగునే నా వేలికి తగిలించుకుని తిప్పుతూ ఉన్నాను.

నేరుగా వెళ్లి ఆయన ముందు నిలబడి, "అన్నా, మనం తప్పు చేసినం" అన్నానని మా ఇంట్లో చెప్పుకున్నాను. నేను అలా అనలేదు. కంపెనీకి తిరిగొచ్చేసరికి కారును చామంతి దండలతో ముంచేయడానికి మనుషులు కాచుకుని ఉన్నారు. చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు తెచ్చారు. షిఫ్టు అయ్యాక టూల్ రూము ముందు కుర్చీలు వేసి సభ పెట్టారు. మేనేజరు మైకు పట్టుకుని, "ఈయన బిగించిన నట్టు ఇన్నేళ్లలో ఒక్కటి కూడా ఊడలేదు" అన్నాడు. చప్పట్లు మోగాయి. మా మిత్రుడు నా వైపు చూశాడు. నేను నా చెప్పుల వైపు చూశాను.

తెల్ల చొక్కా, మెడలో దండ, భుజం మీద మూడు నాలుగు శాలువాలతో ఫోర్‌మన్ పెళ్లికొడుకులా ఉన్నాడు. ఏదో ఒక సాకు చెప్పి జీపు పిలిపిద్దామని నిర్ణయించుకుని పక్కకు పిలిచాను.

"అన్నా, పెట్రోల్ పంపు జర తేడాగ ఉన్నది. ఇయ్యాళటికి జీపు మాట్లాడుదామా?"

"పంపు మంచిగనే ఉన్నది గద" అన్నాడు. "పొద్దున నువ్వు గేట్లకు వస్తుంటే సప్పుడు విన్న. నడువు, సూద్దాం."

ఆపేలోపే ఆయన కారు దగ్గరకు పోయాడు. పంపు ఉన్న వెనక వైపుకు పోతూ పోతూ ముందు చక్రం దగ్గర ఆగాడు. ఆయన కళ్లు వేరే చోటికి పోవు. దండ నేలకు తగులుతుంటే ఒక చేత్తో పట్టుకుని కింద కూర్చున్నాడు. విరిగిన గీత మీద బొటనవేలి గోరు పెట్టాడు.

"ఎన్నిసార్లు సూసినవ్?"

"మూడుసార్లు."

"అవతలి దిక్కుది?"

"గంతే."

"ఎనకయి?"

"కదల్లే."

బ్యాండు వాళ్లు అప్పటికే గేటు దగ్గర డప్పులు వేడి చేసుకుంటున్నారు. ఆయన తిట్టినా బాగుండేది. నేను మా మిత్రుడి దగ్గర తాళంచెవి రింగు లాక్కుని, ఆయన పక్కన కూర్చుని, వేలికి తగిలించి తిప్పి చూపించాను. నట్టు ఇది, చక్రం ఇది, బరువు ఇటు, అని చెప్పాను.

ఆయన రింగు నా దగ్గర్నుంచి తీసుకున్నాడు. తన వేలికి పెట్టుకుని తిప్పాడు. ఆపి, అటువైపు తిప్పాడు. మళ్లీ ఇటువైపు.

"మరి బ్రేకు?" అన్నాడు.

"బ్రేకు ఎప్పుడో ఒకసారి గద అన్నా. బరువు ఎప్పటికీ ఉంటది."

ఆయన రింగు నాకు తిరిగిచ్చాడు. తర్వాత లేచి, శాలువాలు ఒక్కొక్కటే తీసి మడిచి కుర్చీ మీద పెట్టాడు. దండ తీసి వాటి మీద పెట్టాడు. చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

"జాకీ తియ్యి."

మేనేజరు పరుగున వచ్చాడు. "ఇప్పుడెందుకండీ, చీకటి పడుతుంది. జీపు ఐదు నిమిషాల్లో వస్తుంది. ఇది రేపు చూసుకోవచ్చు."

"రేపు నన్ను గేటు లోపలికి రానియ్యరు సార్" అన్నాడు ఫోర్‌మన్.

కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పాడు. మేనేజరు వెళ్లి వాచ్‌మన్‌తో లైట్లు వేయించాడు.

మా టూల్ రూము మొత్తం పండగ బట్టల్లో ఉంది. ఒకరు నిమ్మకాయలు తీశారు, ఒకరు జాకీ పెట్టారు. దండలు పక్కకు తోసి చక్రాలు ఊడదీశాం. బేరింగులు, గ్రీజు, స్ప్లిట్ పిన్నులు. ఫోర్‌మన్ కూర్చుని చెయ్యి చాపితే అడగకుండానే కావాల్సిన పానా ఆ చేతిలో పడుతోంది. బ్యాండు వాళ్లకు ఏం చేయాలో తెలియక గేటు దగ్గర్నుంచి మా దగ్గరకే వచ్చి గుండ్రంగా నిలబడ్డారు. వాళ్లలో పెద్దాయన, "కొట్టమంటరా, ఉండుమంటరా?" అని అడిగాడు. "ఇప్పుడొద్దు, సప్పుడుకు లెక్క తప్పుతది" అన్నాడు ఫోర్‌మన్.

హబ్బులు మళ్లీ పాత స్థానాలకు వెళ్లాయి. బాణాలు ముందుకు చూశాయి. ఆయనే సుత్తితో కొట్టాడు, ఆయనే గీతలు గీశాడు. ఒక్కో గీతను చెరిపి రెండోసారి గీశాడు. సుద్ద సరిగ్గా పడలేదేమో అనుకున్నాను. తర్వాత అర్థమైంది. ఒకసారి తప్పయిన మనిషి ఇప్పుడు ఒక తాళంచెవి రింగును నమ్మి రెండోసారి మాట చెబుతున్నాడు. వెనక సగం ఫ్యాక్టరీ రాబోతోంది. ఉప్పల్ చేరేలోపు ఆ గీత మళ్లీ విరిగితే, ఆయన ఆఖరి రోజున రెండుసార్లు తప్పు.

గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా బ్యాండు ముందు నడిచింది. అక్కడ వాళ్లు ట్రాలీ ఆటో ఎక్కారు. మేం ఇద్దరం కారులో హబ్సిగూడ మీదుగా మెట్రో కిందికి వచ్చాం. వెనక మోటార్ సైకిళ్లు హారన్లు కొడుతున్నాయి. ఆయన కారులో నిలబడి అందరికీ దండాలు పెట్టుకుంటూ వచ్చాడని చెబుతుంటాను. ఆయన కూర్చునే ఉన్నాడు. దారి పొడవునా తల పక్కకు వాల్చి ముందు చక్రం చప్పుడు వింటూ వచ్చాడు. సిగ్నల్ దగ్గర ఆటోలో ఒకామె వంగి, "ఏం పెండ్లి అన్నా?" అని అడిగితే కూడా ఆయనకు వినపడలేదు.

ఆయన గల్లీ ఇంకా రెండు వీధులు ఉందనగా, "ఆపు" అన్నాడు.

ఆపాను. వెనక మోటార్ సైకిళ్లన్నీ ఆగాయి. ట్రాలీ ఆటో ఆగింది. ఏమైందని ఎవరో అడుగుతున్నారు. ఆయన దిగి, సెల్‌ఫోన్ లైటు వేసుకుని కుడి చక్రం ముందు కూర్చున్నాడు. నేను దిగలేదు. స్టీరింగు పట్టుకునే కూర్చున్నాను. ఆయన లేచి కారు ముందు నుంచి ఎడమవైపుకు నడిచాడు. అక్కడా కూర్చున్నాడు. అక్కడ ఎక్కువసేపు ఉన్నాడు.

వచ్చి సీట్లో కూర్చుని, పక్కన పెట్టుకున్న దండ తీసి మెడలో వేసుకున్నాడు.

"ఇగ కొట్టుమను" అన్నాడు.

బ్యాండు మోత మొదలైంది. మా మిత్రుడు నడిరోడ్డు మీద వేసిన స్టెప్పుల గురించి రాయకుండా వదిలేస్తే అతను నాతో మాట్లాడడు కాబట్టి, వేశాడని మాత్రం రాస్తున్నాను. ఎలా వేశాడో అడగకండి.

ఇంటి ముందు ముగ్గు మీద జనం నిలబడి ఉన్నారు. ఫోర్‌మన్ భార్య హారతి పళ్లెం పట్టుకుని గడప దగ్గర ఉంది. ఎంతసేపట్నుంచి నిలబడిందో, కర్పూరం ఎన్నిసార్లు మార్చిందో తెలియదు. ఆమె ముందు ఆయన్ని చూసింది, తర్వాత ఆయన తెల్ల చొక్కా చూసింది. మోచేతుల దాకా గ్రీజు. పొట్ట మీద నల్లగా ఐదు వేళ్ల ముద్ర. దండ మీద కూడా.

"ఇయ్యాళ గూడ ఓవర్‌టైమేనా?" అంది.

బ్యాండు ఆగింది కాబట్టి ఆ మాట గల్లీ అంతా విన్నది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నల్లటి చేతులు వెనక పెట్టుకుని, హారతికి తల వంచి, "రేపట్నుంచి ఉండదులే" అన్నాడు.

ఇన్ని అబద్ధాలు ఆడిన నేను, ఆయన నోటి నుంచి విన్న అబద్ధం అదొక్కటే. ఆదివారం పొద్దున నేను పండ్లు తోముకుంటుండగా షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు, చేతిలో టిఫిన్ డబ్బాతో.

"ఎనక చక్రాల నట్లు మనం ఇప్పనేలేదు తమ్మీ" అన్నాడు. "అవి ఎందుకు కదల్లేదో గూడ సూడాలె గద."